స్తంభమూ సిలువా

దసరాకూ దీపావళికీ ఈస్టర్‌కూ మన ఫ్లెక్సీల మీద ఒకే మాట కనిపిస్తుంది: చెడు మీద మంచి గెలిచిన రోజు. నాయకుల ఫొటోలు మారతాయి, మాట మారదు. అందులో అబద్ధమేమీ లేదు. అది దాటేసే ప్రశ్నలు మాత్రం చాలా ఉన్నాయి. గెలిచిందెవరు, ఎలా గెలిచారు, ఓడినవాడు ఏమయ్యాడు, ఆ గెలుపును ఎవరు కళ్ళారా చూశారు, దాని తర్వాత ఎవరి బతుకు మారింది? ఈ ప్రశ్నలు వేయడం మొదలుపెడితే ఒక్కో పండుగ ఒక్కో దారి పడుతుంది. దేవుడు చెడును జయించాడన్న క్రైస్తవ విశ్వాసాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఆ ఉమ్మడి మాటను పక్కన పెట్టాలి. ఆ తర్వాత మనకు చిన్నప్పటి నుంచి తెలిసిన మరో గెలుపు కథ పక్కన దాన్ని నిలబెట్టి చూడాలి.

ఆ పని చేయడానికి తెలంగాణలోని మరిపెడ మంచి చోటు. ఇక్కడి నుంచి వాయవ్యంగా వెళ్తే పాలకుర్తి దగ్గర బమ్మెర, పోతన ఊరు. పోతన తమవాడేనని ఒంటిమిట్ట వాళ్ళూ అంటారు, ఆ తగువు ఈ వ్యాసానికి అక్కర్లేదు. తూర్పు వైపు వెళ్తే డోర్నకల్. ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్‌గా 1912లో అభిషేకం పొందిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య అక్కడే ఉండి పనిచేశారు, 1945 జనవరి 1న అక్కడే కన్నుమూశారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరుపుకుంది. దేవాలయ శిల్పమూ మసీదు శిల్పమూ కలిసిన గుడి అది. బమ్మెర కథలో దేవుడు స్తంభంలోంచి బయటికి వస్తాడు. డోర్నకల్ గుడి చెప్పే కథలో దేవుడి కుమారుడు కొయ్య మీద వేలాడతాడు. ఈ ప్రాంతపు మనిషికి రెండూ సొంత కథలే. మాదిగల ఆశ్రితులైన చిందు భాగవతులు ఆడే ఆట చూసిన కళ్ళే కొన్నేళ్ళకు మట్టల ఆదివారం ఊరేగింపునూ చూశాయి. సినిమా హాలు సంగతి కూడా అంతే. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుణ్ణి చూసి జడుసుకున్నవాళ్ళే 1978లో ‘కరుణామయుడు’ చూసి ఏడ్చారు.

అందుకే పోతన భాగవతం సప్తమ స్కంధంలోని ప్రహ్లాద చరిత్రనూ, సువార్తల్లోని సిలువ, పునరుత్థాన కథనాన్నీ పక్కపక్కన పెట్టి చదువుతున్నాను. నాలుగు సువార్తల్లో ఎక్కువగా మార్కును పట్టుకుంటాను. మార్కు కథనం పొట్టిది, కరుకైనది, ఓదార్పు మాటలు తక్కువ.

మొదట గెలుపు ఎక్కడ జరిగిందో చూద్దాం. పోతన దాన్ని నిండు సభలో పెట్టాడు. రాజు ఉన్నాడు, కొలువు ఉంది, కొడుకును నిలదీసే తండ్రి గొంతు ఉంది. ఈ స్తంభంలో ఉన్నాడా నీ హరి అని అడిగి హిరణ్యకశిపుడు దాన్ని చేత్తో కొట్టగానే పోతన పద్యం వదిలి వచనం అందుకుంటాడు. ఆ వచనాన్ని పైకి చదివితేనే దాని బలం తెలుస్తుంది. జూలు, కళ్ళు, కోరలు, గోళ్ళు, నాలుక, గర్జన ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. సమాసం తెగదు, ఊపిరి తీసుకునే సందు దొరకదు. స్తంభంలో పట్టనిది వాక్యంలోనూ పట్టడం లేదన్నట్టు రాశాడు. గెలుపు అందరి కళ్ళ ముందూ జరిగింది, చదివేవాడి కళ్ళ ముందు కూడా జరిగింది.

అదే పోతన ఆ పసివాడి బాధల దగ్గర ఇంతసేపు ఆగడు. ఏనుగులు, పాములు, విషం, నిప్పు, కొండ మీది నుంచి తోయడం, సముద్రంలో పడేయడం, అన్నీ వరసగా గడిచిపోతాయి. భటులు కొడుతుంటే ప్రహ్లాదుడు పరుగెత్తడు, చేతులు అడ్డం పెట్టుకోడు, తల్లుల ఇంట్లోకి దూరడు, కాపాడమని ఎవరినీ వేడుకోడు, కంటగించుకోడు కూడా. చేయనివాటి జాబితాతోనే పిల్లవాడి రూపం కట్టిన గొప్ప పద్యం అది. అయితే ఆ పిల్లవాడికి నొప్పి తెలిసిందా? పోతన దృష్టి దాని మీద లేదు. మనసు హరిలో ఉంది కనుక ఒంటికి తగిలింది మనసు దాకా పోలేదు.

మార్కు దీన్ని పూర్తిగా తిరగేశాడు. సిలువ శ్రమ అందరి ఎదుట జరుగుతుంది. దారిన పోయేవాళ్ళు తలలూపి ఎగతాళి చేస్తారు. పొద్దున తొమ్మిదింటికి సిలువ వేశారు, మధ్యాహ్నం నుంచి మూడింటి దాకా చీకటి కమ్మింది అని గంటలు లెక్కపెట్టి మరీ చెబుతాడు. ఆ శ్రమ పడుతున్నవాడికి భయం ఉంది. ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఈ గిన్నె తప్పించమని అడిగాడు, తోడుగా మెలకువగా ఉండమని స్నేహితులను బతిమాలాడు. చివరికి దేవుడు తనను విడిచిపెట్టాడని పెద్ద కేక వేశాడు. ప్రహ్లాదుడు వేయని కేక అది.

ఇక గెలుపు మాటేమిటి? దాన్ని చూసిన మనిషే లేడు. నాలుగు సువార్తల్లో ఏ ఒక్కటీ యేసు సమాధిలోంచి లేచిన క్షణాన్ని వర్ణించదు. చీకటి తొలిగే వేళకు ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకొని వస్తారు. అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. రాయి పక్కకు దొర్లి ఉంది, తెల్లని వస్త్రం కట్టుకున్న యువకుడు ఒకడు కూర్చొని ఉన్నాడు, ఆయన ఇక్కడ లేడని చెప్పాడు. ఆ ఆడవాళ్ళు వణికిపోయి పరుగెత్తారు, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదు. నాలుగో శతాబ్దానికి చెందిన సినాయ్ ప్రతిలోనూ వాటికన్ ప్రతిలోనూ మార్కు సువార్త అక్కడితో ఆగిపోతుంది. మన బైబిళ్ళలో ఆ తర్వాత కనిపించే పన్నెండు వచనాలు ఆ ప్రాచీన ప్రతుల్లో లేవు. గెలుపు కథ భయంతో ఆగిపోవడం తర్వాతి తరాలకు సహించలేదు. ఆ అసహనం నాకు అర్థమవుతుంది. అయినా ఆ భయం దగ్గర ఆగిన మార్కే నిజాయితీగా రాశాడని నమ్ముతాను.

ఇది ఇద్దరు రచయితల శిల్పంలో తేడా మాత్రమే అనుకుంటే పొరపాటు. పోతన కథలో శత్రువు ఓడినట్టు రుజువు గడప మీద పడి ఉన్న శవం. సువార్తలో శత్రువు శవమంటూ ఏదీ లేదు. మరణశిక్ష వేసిన పిలాతు మరి కొన్నేళ్ళు అధిపతిగానే ఉన్నాడు. కయప ప్రధాన యాజకుడిగానే ఉన్నాడు. రోమా సైన్యం మర్నాడు కూడా అదే ఊళ్ళో కవాతు చేసింది. యెరూషలేము బజారులో నడిచే మనిషికి ఏమీ మారినట్టు కనిపించి ఉండదు. చెడు ఓడిపోయిందన్న మాటను మొదటి క్రైస్తవులు ఇలాంటి ఊళ్ళో నిలబడి అన్నారు. దాన్ని నమ్మడం ఎంత కష్టమో మన ప్రసంగాలు సరిగ్గా చెప్పడం లేదు.

పౌలు ఈ చిక్కును తప్పించుకోలేదు. కొలస్సయులకు రాసిన పత్రికలో సిలువను రోమా విజయ యాత్రగా చూపించాడు. రోమా సేనాని గెలిచి వస్తే ఓడిన రాజులను సంకెళ్ళతో రథం ముందు నడిపించేవాడు. పౌలు లెక్కలో కొయ్యకు కొట్టబడినవాడే ఆ సేనాని, ఆయుధాలు ఊడ్చుకుపోయి నడుస్తున్నవి లోకాన్ని ఏలే అధికారాలు. రోమా పౌరుడికి ఈ చిత్రం దూషణలా వినిపించి ఉంటుంది.

ప్రకటన గ్రంథం అయిదో అధ్యాయంలో పోతనకు అతి దగ్గరగా వచ్చి, అంతలోనే అతి దూరంగా వెళ్ళిపోయే దృశ్యం ఒకటి ఉంది. ముద్రలు వేసిన గ్రంథం విప్పగలవాడు లేడని యోహాను ఏడుస్తుంటాడు. పెద్దలలో ఒకడు వచ్చి, ఏడవకు, యూదా గోత్రపు సింహం జయించింది అని చెబుతాడు. యోహాను తలెత్తి చూస్తాడు. అక్కడ సింహం లేదు. వధించబడినట్టు ఉన్న గొర్రెపిల్ల నిలబడి ఉంది. చెవికి సింహం అని వినబడింది, కంటికి గొర్రెపిల్ల కనబడింది. క్రైస్తవ విజయ సిద్ధాంతమంతా ఈ రెండింటి మధ్య జాగాలో ఉంది. బమ్మెర కథలో స్తంభం తప్ప ఇంకేమీ లేదని రాజు అనుకున్న చోట సింహం వచ్చింది. యోహాను చూసిన పత్మోసు దర్శనంలో సింహం వస్తుందని ఎదురుచూసిన చోట గాయం మానని గొర్రెపిల్ల వచ్చింది.

ఇంతవరకు తేడాలే చెప్పాను. పోలికలో నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది రెండు సంప్రదాయాలూ ఒకే చిక్కుముడిని పట్టుకోవడం. హిరణ్యకశిపుడు బ్రహ్మ దగ్గర తెచ్చుకున్న వరం పకడ్బందీ దస్తావేజు. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో కాదు, బయట కాదు. నేల మీద కాదు, నింగిలో కాదు. మనిషి చేత కాదు, మృగం చేత కాదు. ప్రాణమున్నదానితో కాదు, లేనిదానితో కాదు. దేవుడు ఆ దస్తావేజును చించేయలేదు. ప్రతి షరతునూ అక్షరాలా మన్నించాడు. సంధ్యవేళ, గడప మీద, తొడల మీద, నరసింహ రూపంలో, గోళ్ళతో పని పూర్తి చేశాడు. చెడును ఓడించడానికి దేవుడు మాట తప్పడన్నది ఇక్కడి పట్టుదల. మాట తప్పి గెలిస్తే ఆ గెలుపు బలప్రదర్శన అయిపోతుంది, ధర్మం కాకుండా పోతుంది.

నాలుగో శతాబ్దంలో కప్పదొకియకు చెందిన నిస్సా గ్రెగరీ ఇదే ఇరకాటంలో పడ్డాడు. ఆయన ఆలోచన ఇలా నడుస్తుంది. మనిషి తనంతట తాను అపవాదికి, అంటే సాతానుకు, అమ్ముడుపోయాడు. ఆ లెక్కన అపవాదికి మనిషి మీద ఒకలాంటి హక్కు ఏర్పడింది. దేవుడు బలవంతంగా లాక్కుంటే న్యాయం చెడుతుంది. అందుకని యేసు శరీరాన్ని ఎరగా చూపించాడు. అపవాది మరణమనే నోరు తెరిచి దాన్ని మింగాడు. ఎర లోపల దాగిన దైవత్వం గాలంలా తగులుకుంది. తర్వాతి తరంలో అగస్టీను ఎలుకల బోను అనే పోలిక వాడాడు. ఎర, గాలం, బోను, ఇవన్నీ చదువుకున్న వేదాంతులకు తర్వాతి కాలంలో సిగ్గు తెప్పించాయి. దేవుడు మోసం చేస్తాడా అన్నారు. 1098లో అన్సెల్ము తన గ్రంథం ముగించేనాటికి అపవాదికి ఏ హక్కూ లేదని తేల్చేశాడు. అసలు లెక్క మనిషికీ దేవుడి న్యాయానికీ మధ్య ఉందన్నాడు. పశ్చిమ దేశాల సంఘం చాలావరకు ఆ బాటనే నడిచింది. దాంతో సిలువ న్యాయస్థానంలో తీర్చిన అప్పు అయింది, యుద్ధం వెనక్కి పోయింది. స్వీడన్ వేదాంతి గుస్తాఫ్ ఔలెన్ 1930 ప్రాంతంలో రాసిన చిన్న పుస్తకంతోనే జయశాలి క్రీస్తు అన్న పాత దృష్టికి మళ్ళీ ప్రాణం వచ్చింది. సంఘం మొదటి వెయ్యేళ్ళలో ఎక్కువగా నమ్మింది ఇదేనని ఆయన వాదన.

గ్రెగరీ గాలాన్ని చూసి నవ్వేవాళ్ళు పోతన గడప దగ్గరికి వచ్చి చదవాలని నా కోరిక. రాజు తన బలాన్ని దాచుకున్న చోటే ఓడాడు. దేనివల్ల చావు రాదని ధీమా పడ్డాడో ఆ జాబితాలోనే చావుకు దారి ఉంది. అపవాది కూడా తన పెద్ద ఆయుధమైన మరణంతోనే కొట్టి, దానితోనే చిక్కాడు. బమ్మెర దగ్గర పుట్టి పెరిగిన పాఠకుడికి నిస్సా గ్రెగరీ కొత్తవాడిలా అనిపించడు. పడమటి దేశాల పాఠ్యపుస్తకాల్లో మోటు ఊహగా కొట్టివేసిన దాన్ని మన పల్లెల పాస్టర్లు భాగవతం తెలిసిన చెవులకు సులభంగా చెప్పగలరు. ఆ వంతెనను మన వేదాంత కళాశాలలు వాడుకోకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

చెడు ఎక్కడి నుంచి వచ్చింది అన్న చోట మాత్రం రెండు కథలు మళ్ళీ విడిపోతాయి. హిరణ్యకశిపుడు వైకుంఠ ద్వారపాలకుడే. సనకాదుల శాపంతో జారిపడ్డాడు, మూడు జన్మల్లో తిరిగి ఇల్లు చేరుకుంటాడు. అతడి వైరం కూడా చివరికి హరి దగ్గరికే నడిచే దారి. సువార్తల్లో అపవాదికి తిరుగు ప్రయాణం లేదు. యేసు అతణ్ణి కట్టి పడేయవలసిన బలవంతుడిగా చూశాడు, ఇల్లు దోచుకోవాలంటే ముందు ఆ బలవంతుణ్ణి కట్టాలన్నాడు. ఒక కథలో చెడు దారితప్పిన సేవకుడు, మరో కథలో పరాయి ఆక్రమణదారు. ఆక్రమణదారుతో రాజీ కుదరదు కనుక క్రైస్తవ భాషలో పోరాటపు కాక ఎప్పుడూ ఎక్కువ.

ఆ భాష మన ఊళ్ళలోకి బాప్తిస్మం ద్వారా వచ్చింది. అపవాదినీ వాడి క్రియలనూ విడిచిపెడుతున్నానని ఒప్పుకోవడం ఆంగ్లికన్ బాప్తిస్మ క్రమంలో పాత భాగం. అజరయ్య కాలంలో డోర్నకల్ అధ్యక్ష మండలంలో మాల మాదిగ కుటుంబాలు గుంపులు గుంపులుగా బాప్తిస్మం పొందాయి. ఆయన పోయేనాటికి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వాళ్ళ నోట అపవాది క్రియలు అన్న మాటకు అర్థం ఏమిటి? కలరా వస్తే పోచమ్మ, ముత్యాలమ్మ కోపానికి వణకడం ఒకటి. ఆ దేవతలకు ఇచ్చే దున్నపోతు బలులను 1916లోనే మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ దక్షిణ భారత గ్రామదేవతల మీద రాసిన పుస్తకంలో వివరంగా నమోదు చేశారు. అజరయ్యను బిషప్ చేయడానికి పట్టుబట్టిందీ ఆయనే. 1930లో ఇద్దరూ కలిసి భారతీయ గ్రామాల్లో క్రీస్తు గురించి మరో పుస్తకం రాశారు. భయం పోవడం, తాగుడు మానడం, పిల్లలు బడికి వెళ్ళడం, తల ఎత్తుకొని నడవడం, పల్లె జనం చూసిన విజయం ఇదే. దాన్ని చిన్నచూపు చూసే విమర్శ నాకు నచ్చదు. దేవతకు భయపడి రాత్రంతా మేలుకున్న తల్లి నిద్రపోగలిగితే అది గెలుపే.

కానీ ఆ పల్లెకు ఇంకో భయం ఉంది. దానికి ఊరూ పేరూ ఉన్నాయి. గడి. వెట్టి. దొర. బమ్మెర పక్కనే ఉన్న పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట కోసం విసునూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచింది. కడవెండిలో 1946 జులై 4న రైతుల ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఈ నేల మీద హిరణ్యకశిపుడు ఎవరో చెప్పడానికి వ్యాఖ్యానం అవసరం లేదు. ఇక్కడ పోతన పక్షం బలంగా కనిపిస్తుంది. ఆయన కథలో దేవుడికి కోపం వచ్చింది. ఆ కోపం రాజు చచ్చాక కూడా చల్లారలేదు. నరసింహుడు అదే సింహాసనం మీద కూర్చుంటే దేవతలు దూరం నుంచి స్తోత్రాలు చేశారు. లక్ష్మి సైతం దగ్గరికి పోవడానికి వెనకాడింది. పసివాడికి చేసిన అన్యాయానికి దేవుడు ఇంత రగిలిపోతాడని రాయడానికి గుండె కావాలి. రాజులకు కావ్యం అంకితం ఇవ్వనన్నాడని ప్రసిద్ధి పొందిన కవి రాశాడు కనుక ఆ కోపానికి ఇంకొంత బరువు వచ్చింది.

మన ప్రసంగాల్లో క్రీస్తు విజయం ఈ కోపాన్ని పోగొట్టుకుంది. గొర్రెపిల్ల అంటే మెత్తనితనం అనుకున్నాం. ప్రకటన గ్రంథం అలా అనుకోలేదు. అక్కడి గొర్రెపిల్ల కోపానికి భూరాజులు, సేనాధిపతులు, ధనవంతులు కొండల సందుల్లో దాక్కుంటారు. వధించబడ్డవాడికి వధించినవాళ్ళు గుర్తుంటారు. ఈ కోపాన్ని వదిలేసి విజయమంటే ఉద్యోగం, వీసా, జబ్బు నయం కావడం అని చెప్పే కూటాలు పెరిగాయి. మైకులు పెద్దవి, ఆశలూ పెద్దవే. వచ్చే జనం కష్టం నిజమైనది, వాళ్ళ ప్రార్థనను తప్పు పట్టను. ఆ వేదిక మీద సిలువ కనబడదు, అదే నా అభ్యంతరం. గెలుపులో గాయం మాయమైతే అది సువార్తలోని గెలుపు కాదు. గుర్రం జాషువా క్రీస్తు చరిత్రను పద్యంలో రాశాడు. 1964లో దానికి సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. అంటరానితనం కాల్చిన ఒళ్ళు కనుక క్రీస్తు గాయాన్ని అలంకారంగా తీసుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. పోతన ఛందస్సులూ సిలువ కథా ఒక చేతి మీదుగా నడిచిన ఆ కావ్యాన్ని మన సంఘాలు పండుగ వేదికల మీద చదివించకపోవడం పెద్ద లోటు.

దొర లేని కష్టం కూడా ఉంది. 2024 ఆగస్టు 31 రాత్రి మొదలైన వాన మర్నాటికి ఆకేరును పొంగించింది. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర వంతెన మీదుగా వెళ్తున్న కారు కొట్టుకుపోయి ఒక తండ్రీ కూతురూ చనిపోయారు. సీతారాం తండా నీట మునిగింది. ఇక్కడ శిక్షించడానికి రాజు లేడు. సముద్రంలో పడేసినా ప్రహ్లాదుడు బతికి బయటపడ్డాడు. ఆ పద్యాలను ఆకేరు ఒడ్డున చదవడం నా వల్ల కాదు. భక్తుడు ప్రతిసారీ బయటపడతాడన్న హామీ దగ్గర పోతన కథ నన్ను ఒంటరిగా వదిలేస్తుంది. బయటపడనివాళ్ళకు భక్తి చాలలేదా అన్న క్రూరమైన ప్రశ్నకు అది తలుపు తెరుస్తుంది, పోతన ఉద్దేశం అది కాకపోయినా.

మార్కు సువార్తలోనూ తుఫాను ఆగే కథ ఉంది. యేసు గాలిని గద్దిస్తాడు, దురాత్మను గద్దించిన తీరులోనే. యూదు ఊహలో సముద్రం అంటే సృష్టికి ముందున్న గందరగోళం కనుక అది కూడా జయించవలసిన శత్రువే. కాని ఆ పడవ కథ దగ్గర మార్కు ఆగలేదు. తుఫానును ఆపినవాడు తన మీదికి వచ్చిన దాన్ని ఆపలేదు. దిగి రా, అప్పుడు నమ్ముతాం అని సిలువ కింద నిలబడ్డవాళ్ళు సవాలు చేశారు. దిగలేదు. స్తంభాన్ని కొట్టి ఉన్నాడా అని అడిగినవాడికి జవాబు వెంటనే వచ్చింది. సిలువ దగ్గర అడిగినవాళ్ళకు మూడో రోజు దాకా రాలేదు, వచ్చినా వాళ్ళకు వినబడలేదు. నీళ్ళలో పోయినవాళ్ళ ఇంట్లో కూర్చున్నప్పుడు ఈ రెండో కథే మాట్లాడగలదని నేను నమ్ముతాను. మునిగినవాణ్ణి దేవుడు ఎందుకు కాపాడలేదో అది చెప్పదు. మునిగిన చోట దేవుడు కూడా ఉన్నాడని, చావు చివరి మాట కాదని మాత్రం చెబుతుంది. పునరుత్థానం నిజం కాకపోతే ఆ మాట కూడా చెల్లదు. పౌలు దీన్ని దాచకుండా కొరింథీయులకు రాశాడు. క్రైస్తవ విజయం ఆ ఒక్క మేకు మీద వేలాడుతోంది, నాకు కూడా వేరే ఆధారం లేదు.

రెండు కథలూ చివర్లో ఒక చోట కలుసుకుంటాయి. అక్కడ నరసింహుడి గోళ్ళకు పని లేదు, ప్రహ్లాదుడు మాట్లాడాలి. నరసింహుడు వరం కోరుకోమంటే ప్రహ్లాదుడు బేరం ఆడే వర్తకుణ్ణి కాదంటాడు. తర్వాత ఒకటి అడుగుతాడు. నిన్ను ద్వేషించిన మా తండ్రిని పవిత్రుణ్ణి చేయమని. ఇరవై ఒక్క తరాలు పావనమయ్యాయని జవాబు వస్తుంది. తనను ఏనుగుల కింద వేయించినవాడికి ఆ కొడుకు అంత్యక్రియలు చేశాడు. లూకా సువార్తలో సిలువ మీది నుంచి వచ్చిన మొదటి మాట కూడా క్షమాపణ కోసమే, మేకులు కొట్టినవాళ్ళ కోసం. కొన్ని ప్రాచీన ప్రతుల్లో ఆ మాట కనబడదు. ఎవరో రాయసగాడు అది మింగుడుపడక వదిలేశాడని అనుమానించే పండితులు ఉన్నారు. ప్రహ్లాదుడు తండ్రి శవం ముందు అడిగాడు, యేసు మేకులు ఇంకా ఒంట్లో ఉండగానే అడిగాడు. ఒకరిది అన్యాయం ముగిశాక వచ్చిన ప్రార్థన, మరొకరిది అన్యాయం నడుస్తుండగా వచ్చింది.

గుడ్ ఫ్రైడే రోజున మన గుళ్ళల్లో ఏడు మాటల ఆరాధన జరుగుతుంది, మొదటి మాట ఇదే. పల్లె జనానికి ఈ మాట మీద ప్రసంగించేవారు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలని అడుగుతున్నాను. క్షమించమని ప్రహ్లాదుడికి ఎవరూ చెప్పలేదు, యేసుకూ ఎవరూ చెప్పలేదు. దెబ్బ తిన్న నోటి నుంచి, తనంతట తానుగా వచ్చింది కనుకే ఆ మాటకు అపవాదిని ఓడించే బలం ఉంది. వెట్టి చేసిన ఇంటివాళ్ళకు, దెబ్బ తినని మనిషి వేదిక మీద నుంచి అదే మాట ఆజ్ఞగా చెబితే అది దొర పక్షం మాట్లాడినట్టే అవుతుంది. దొర పేరు, గడి పేరు, కడవెండి తేదీ ముందు చెప్పండి. తర్వాత ఆ మొదటి మాట చదివి ఊరుకోండి. దాన్ని ఎప్పుడు పలకాలో దెబ్బ తిన్నవాళ్ళకు తెలుసు.